గేటు దగ్గర ట్యాంకున్న యూనివర్సిటీ

పదిహేనేళ్లు సైన్యంలో ఉండి నేను ఒక్క మనిషి మీద కూడా తూటా పేల్చలేదు. రేంజిలో అట్టమనిషి మీద పేల్చాను. వాడు కూడా చాలాసార్లు బతికిపోయాడు. సిగ్నల్స్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి నా కొలువు. ఒక పెద్దాఫీసరు ఇంకో పెద్దాఫీసరుతో చలి ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అని మాట్లాడుకోవడానికి తీగలు కలపడమే నేను దేశానికి చేసిన సేవ. మధ్యలో దొరికిన ఖాళీలో కరస్పాండెన్స్‌లో బీఏ, ఆ తర్వాత జర్నలిజంలో ఎంఏ పూర్తి చేశాను. హవల్దారుగా బయటికొచ్చిన రోజున మా ఆఫీసరు చెయ్యి కలిపి, ఇక ఏం చేస్తావని అడిగాడు. కమ్యూనికేషన్‌లో డాక్టరేట్ చేస్తానన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. చాలక పక్కగదిలోంచి ఇద్దర్ని పిలిచి, నా చేత మళ్ళీ చెప్పించి, ముగ్గురూ కలిసి నవ్వారు. ఆ నవ్వు లేకపోతే నేను ఏదో బ్యాంకు గేటు దగ్గర తుపాకీ ఒళ్లో పెట్టుకుని హాయిగా కునుకు తీస్తుండేవాణ్ణి.

డాక్టరేట్ చేసేవాడికి ఎవరూ కూర్చోబెట్టి అన్నం పెట్టరు కాబట్టి ముందు నాలుగు డబ్బులు వెనకేసుకుందామని కువైట్ వచ్చాను. కువైట్ సిటీలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు ఆఫీసులో టెలెక్స్, టెలిఫోన్ చూసుకునే పని దొరికింది. ఇక్కడా తీగలే. ఉండేది రిగ్గైలో ఒక గది. గదిలో ముగ్గురం. ఒకడు మా కడప జిల్లావాడే, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. రెండోవాడు కరీంనగర్ వైపు తాపీ మేస్త్రీ. పగలంతా ఎవడి దారి వాడిది. సాయంత్రమైతే ఒకే పప్పుగిన్నె చుట్టూ చేరేవాళ్లం.

ఆ గదిలో కూర్చునే నేను యూనివర్సిటీని ఎంచుకోవడం మొదలుపెట్టాను. నాకు పైబడుతున్న వయసుకు మామూలుగా ఎక్కడా సీటు రాదు. మాజీ సైనికులకు కొన్నిచోట్ల వయసులో సడలింపు ఉందని విన్నాను. ఆ సడలింపు కూడా 1990తో నాకు అయిపోతుంది. ఆ ఏడాది చేరితే చేరినట్టు, లేకపోతే మా ఆఫీసరు నవ్వే నిజమైనట్టు. అందుకని సైనికులంటే ప్రేమ ఉన్న యూనివర్సిటీ ఎక్కడుందా అని దేశం నలుమూలలకీ ఉత్తరాలు రాశాను.

మొదటి యూనివర్సిటీకి సైనికులంటే చాలా గౌరవమట. సైనికుల పిల్లలకు సీట్లున్నాయి, సైనికుడికి మాత్రం లేదు. నాకప్పటికి పెళ్లే కాలేదు. రెండోది, మీలాంటివారికి కమ్యూనికేషన్ ఎందుకు, వ్యాయామ విద్యలో చేరండి, విజిల్ మేమే ఇస్తామన్నంత పని చేసింది. మూడోదాని పుస్తకం చూస్తే కళ్లు చెదిరాయి. నున్నటి కాగితం, అట్ట మీద యూనివర్సిటీ గేటు, గేటు పక్కన గద్దె మీద పాతకాలపు యుద్ధట్యాంకు. దానికి చిలకపచ్చ రంగు కొట్టి, చుట్టూ బంతిమొక్కలు నాటి, గొట్టానికి దండ వేశారు. కింద 'వీరజవాన్లకు మా హృదయద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది' అని రాసి ఉంది. లోపలి పేజీలో వయసు సడలింపు, ఒక సీటు, హాస్టల్ గది. నవంబరులో ఇంటర్వ్యూ. నాలుగోది పంపింది ఒకే ఒక్క సైక్లోస్టైలు కాగితం. సిరా అలుక్కుపోయి సగం అక్షరాలు కనబడలేదు. కనబడిన సగంలో సైనికుడన్న మాటే లేదు. దాన్ని పెట్టె అడుగున పడేశాను.

పుస్తకాలు గదిలో అందరి చేతులూ తిరిగాయి. డ్రైవరు అట్ట మీద బొమ్మ చూసి ఒక్క క్షణంలో తేల్చేశాడు.

"ఇంగ ఆలోచించేదేముండాదన్నా? ఈ ట్యాంకుండేదాంట్లోనే చేరు. మిలిట్రీవోళ్లంటే ఎంత పాణం ల్యాకపోతే గేటుకాడ ట్యాంకు పెడ్తారు?"

మేస్త్రీ దాన్ని దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ట్యాంకు సరే గని, గా బంతిచెట్లకు నీళ్లెవరు పోస్తరే?" అన్నాడు.

అప్లికేషను పంపాను. ఇంటర్వ్యూకు రమ్మని జులైలో పిలుపొచ్చింది. సెలవు కూడా అడిగిపెట్టుకున్నాను. ఆగస్టు మొదటి గురువారం పొద్దున ఏదో దడదడమంటున్న చప్పుడుకు మెలకువ వచ్చేసరికి డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, లెయ్యి లెయ్యి! నీ యూనివర్సిటీ వచ్చినాది!"

రోడ్డు మీద వరసగా ట్యాంకులు పోతున్నాయి. దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. ఒక్కదానికీ దండ లేదు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందని పక్కగది మలయాళీ మెట్ల మీద నుంచి అరిచాడు. డ్రైవరు మాటకు నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. భయమేసింది. పదిహేనేళ్ల సైన్యంలో కలగని భయం అది.

మా బిల్డింగులో తెలుగువాళ్లు చాలామందే ఉండేవాళ్లు. ఆ మధ్యాహ్నానికల్లా అందరూ నా మంచం చుట్టూ చేరారు. వాళ్ల లెక్క సులువు. ఇది యుద్ధం, నేను మిలిట్రీ, కాబట్టి నాకు తెలియాలి. ఎన్నాళ్లుంటారు వీళ్లు అని అడిగారు. రెండ్రోజులన్నాను. రెండ్రోజులు పోయాక వారమన్నాను. వారం పోయాక, అమెరికా దిగితే నెలన్నాను. నేను చెప్పిందల్లా తప్పయింది, తప్పయినకొద్దీ నా పరపతి పెరిగింది. ఈ విషయం కమ్యూనికేషన్ శాస్త్రం పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు. నేను చెప్పిన వాటిలో పనికొచ్చింది ఒక్కటే, బకెట్లూ గిన్నెలూ నీళ్లతో నింపి పెట్టుకోండని. అది మా అమ్మ కూడా చెప్పేది.

ఆఫీసు మూతపడింది. చివరిసారి వెళ్లినప్పుడు టెలెక్స్ మీటలు నొక్కి చూశాను, కాగితం కదల్లేదు. దేశం బయటికి ఫోన్లు లేవు, పోస్టు లేదు. ఖుబ్బూస్ రొట్టెల కోసం బేకరీ ముందు గంటల తరబడి నిలబడడం మాకు కొత్త ఉద్యోగం. దారిలో ఇరాక్ సైనికులు ఆపి, "హిందీ?" అనేవాళ్లు, ఇండియావాడివా అని. "హిందీ, హిందీ" అంటే పొమ్మనేవాళ్లు. అయినా డ్రైవరుకు నా మీద నమ్మకం లేదు.

"మీసం తీసెయ్యన్నా. నీ మీసంలో మిలిట్రీ కనపడతాండాది. నిన్ను పట్టుకుంటే పక్కనున్న పాపానికి మమ్మల్నీ పట్టుకపోతారు."

నున్నగా గీసేశాను. దేశసేవకు మిగిలిన ఆ ఒక్క గుర్తూ అలా పోయింది.

ఇక మేస్త్రీ క్యాసెట్ల సంగతి చెప్పాలి. గల్ఫ్‌లో చదువురాని మగవాళ్లు చాలామంది ఉత్తరాలు రాయించుకునేవాళ్లు కాదు. రాసిపెట్టేవాడికి ఇక్కడా, చదివిపెట్టేవాడికి అక్కడా తన కాపురం గుట్టంతా తెలిసిపోతుంది. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్లు. మా గదిలో టేప్ రికార్డరు మేస్త్రీదే. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడు దాన్ని ఒళ్లో పెట్టుకునేవాడు. అది చూసి నేనూ డ్రైవరూ లేచి బయటికి పోయి మెట్ల మీద కూర్చునేవాళ్లం. మొగుడు పెళ్లాంతో మాట్లాడుతుంటే పక్కన ఉండకూడదు, అంతే. ఆ నియమం ఎవరూ పెట్టలేదు, ప్రతి బిల్డింగులోనూ ఉండేది.

ఇరాక్ వాళ్లు వచ్చాక మెట్ల మీద కూర్చునే వీల్లేకుండా పోయింది. నలుగురు కలిసి కనబడితే సైనికులు వచ్చి ఆరా తీసేవాళ్లు. అయినా మేస్త్రీ శుక్రవారం మానలేదు. మేమిద్దరం గోడవైపు తిరిగి, వినబడనట్టు కూర్చునేవాళ్లం. పది అడుగుల గదిలో వినబడకపోవడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

"గీడ అంత మంచిగనే ఉన్నది. లడాయి గిడాయి ఏం లేదు, ఎవలన్న చెప్తే నమ్మకు. ఏసీ నడుస్తున్నది. రోజు కోడికూర తింటున్న..."

అప్పటికి కోడిని చూసి మూడు వారాలయింది. పెసరపప్పులో ఖుబ్బూస్ ముంచుకుని తింటున్నాం. డ్రైవరు గోడవైపు తిరిగే భుజాలు కదిలేలా నవ్వాడు. అయ్యాక నేనే అడిగాను.

"పోస్టు లేదు. ఊరికి పోయేవోడు ల్యాడు. ఎవురికని చెప్తాండావు?"

"పోకపోతే పాయె అన్నా. శుక్రారం నాడు నేను మాట్లాడకుంటే అది కోపానికొస్తది" అన్నాడు మేస్త్రీ, అదేదో నాకు తెలిసి ఉండాల్సిన సంగతే అన్నట్టు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పంపడానికి దారిలేదని తెలిసీ ఒక మనిషి వారం వారం అబద్ధాలు చెప్పి దాచిపెడుతున్నాడు. డాక్టరేట్‌కు ఇంతకంటే ఏం కావాలి? బయట తుపాకులు పేలుతుంటే నేను లోపల సిద్ధాంతగ్రంథానికి అధ్యాయాలు వేసుకుంటున్నాను. చదువుకున్నవాడి బుద్ధి అలాగే ఉంటుంది.

ఆఖరి శుక్రవారం మేస్త్రీ ఎప్పటిలాగే కోడికూర దాకా చెప్పాడు. కానీ మీట నొక్కి ఆపలేదు. టేపు తిరుగుతూనే ఉంది. అప్పుడు ఇంకో రెండు మాటలు అన్నాడు. అవి అబద్ధాలు కావు. డ్రైవరు తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు మా గదిలో ఎవరూ పప్పు ముట్టలేదు.

సెప్టెంబరులో బస్సులు కదిలాయి. ఇరాక్ మీదుగా జోర్డాన్, అక్కణ్ణుంచి విమానం. నా పాస్‌పోర్టూ డ్రైవరు పాస్‌పోర్టూ చేతిలోనే ఉన్నాయి. మేస్త్రీది వాడికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గరుంది. ఆ కఫీల్ మొదటివారమే కుటుంబంతో సౌదీ దాటిపోయాడు. కొత్త కాగితాలు వచ్చేదాకా వాడు ఉండిపోవలసిందే. బస్సు దగ్గర ఆఖరి శుక్రవారం క్యాసెట్టు నా చేతిలో పెట్టి, బొంబాయిలో పోస్టు చెయ్యమన్నాడు. మిగతావి తనే తెచ్చుకుంటానన్నాడు. నేను బస్సు మెట్టు దగ్గరే నిలబడిపోయాను. "పో అన్నా, నీ ట్యాంకు పోతది" అని వాడే నన్ను బస్సులోకి తోశాడు.

జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో పడి ఉన్నాం. దుమ్ము, దాహం. ఎవరో టీవీవాళ్లు వచ్చి నా మూతి దగ్గర మైకు పెట్టి, "మీకెలా అనిపిస్తోంది?" అన్నారు. దాహంగా ఉందన్నాను. వాళ్లకు అది పనికిరాలేదు, పక్కన ఏడుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లారు. బొంబాయిలో దిగాక మొదటి పనిగా క్యాసెట్టును గుడ్డలో పెట్టి కుట్టి, చిరునామా రాసి పోస్టు చేశాను. డ్రైవరు కడప బండెక్కాడు.

నవంబరులో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. బొమ్మలో కంటే చిన్నది. బంతిమొక్కలు ఎండిపోయాయి. లోపల శాఖాధిపతి ఎదురొచ్చి, కువైట్ వీరుడొచ్చాడని నన్ను కావలించుకుని శాలువా కప్పాడు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. ముందు ట్యాంకు పక్కన, తర్వాత ట్యాంకు ఎక్కించి ఫొటోలు తీశారు. మీసం లేదేమిటని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. తర్వాత ఇంటర్వ్యూ.

"శత్రువు ఎదురుపడినప్పుడు ఏమనిపించింది?" అన్నారు.

"రొట్టెల వరసలో నాకంటే ముందు దూరాడు సార్. ఒళ్లు మండింది."

శాఖాధిపతి నాకోసం అంశం కూడా సిద్ధం చేశాడు: జవాన్ల మనోబలం పెంచడంలో రేడియో పాత్ర. నాది వేరే అంశమని చెప్పి క్యాసెట్ల సంగతి వివరించాను. ఒకాయన, క్యాసెట్ అంటే సినిమా పాటలే కదా అన్నాడు. ఇంకొకాయన మాత్రం ముందుకు వంగాడు.

"బాగుంది. ఏదీ, వినిపించండి."

"లేదు సార్. పోస్టు చేసేశాను."

"కాపీ తీసుకున్నారుగా?"

"లేదు."

"కాపీ తీయకుండా పంపేశారా? మీరు పరిశోధకుడా, పోస్టుమ్యానా?"

నాకు కోపం వస్తే ఆగదు. "మొగుడు పెళ్లానికి చెప్పుకున్న మాట సార్ అది. కాపీ తీసి అటెస్టు చేయించడానికి అదేమైనా కులం సర్టిఫికెట్టా?" అన్నాను.

సైనికులకు క్రమశిక్షణ ఉంటుందనుకున్నామని శాఖాధిపతి బాధపడ్డాడు. పరిశోధనా దృక్పథం లోపించినందున సీటు ఇవ్వలేకపోతున్నామని పది రోజుల్లో ఉత్తరమొచ్చింది. మరుసటి ఏడాది వాళ్ల పుస్తకం అట్ట మీద మాత్రం ట్యాంకెక్కి శాలువాతో నేనే ఉన్నాను.

సడలింపు ఇంకెక్కడా లేదు. అయిపోయిందనే అనుకున్నాను. ఆఫీసరు నవ్వు చెవుల్లో వినబడుతుంటే ఉండబట్టలేక ఆ అలుక్కుపోయిన కాగితం యూనివర్సిటీకి బయల్దేరాను. గేటే లేదు, ట్యాంకు ఎక్కణ్ణుంచి వస్తుంది? కమ్యూనికేషన్ శాఖ గదిలో ఒక మేడమ్ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుని ఉంది. నా వయసు చెప్పి, మాజీ సైనికుణ్ణండీ, సడలింపేమైనా ఉంటుందా అని అడిగాను.

"మా దగ్గర వయోపరిమితే లేదు. పెడితే ఎవరూ రారని తీసేశారు" అందావిడ.

అంశం చెప్పాను. ఆవిడ ఒలవడం ఆపలేదు.

"ఆ క్యాసెట్టు ఆమెకు చేరిందా?"

పదిహేనేళ్లు తీగలు కలిపినవాణ్ణి, చేరిందో లేదో కనుక్కోలేదు. మేస్త్రీ తిరిగొచ్చాడో లేదో కూడా కనుక్కోలేదు. తెలియదన్నాను.

"మరి దేని మీదయ్యా పరిశోధన? నెలాఖరుకి అడ్మిషన్లు అయిపోతాయి. పోయి కనుక్కుని రా."

కరీంనగర్‌లో దిగి, ఇంకో బస్సు మారి, వాడి ఊరు చేరాను. దారి పొడుగునా ఏం వినాల్సొస్తుందోనన్న ఆలోచనే. ఇల్లు అడిగి వాకిట్లోకి వెళ్తే, వాడే సున్నం బక్కెట్టు పట్టుకుని ఎదురొచ్చాడు. చిక్కి సగమయ్యాడు. ఇద్దరం కావలించుకుని నిలబడ్డాం. నా చొక్కా అంతా సున్నం.

వాడి భార్య చాయ్ తెచ్చింది. క్యాసెట్టు అందిందా అని అడిగితే ఆమె నవ్వింది.

"గప్పుడు లడాయి అని తెలిసి నేను మా తల్లిగారింటికి పోయిన. పోస్టాయన దాన్ని ఆయన తాననే పెట్టుకున్నడు. ఈయన వచ్చినంక ఈయన చేతికే ఇచ్చిండు. ఈయనేమో తెచ్చి దాసిపెట్టిండు. నేను ఎతికి తీసిన."

"విన్నారా?"

"ఇద్దరం కూసొని విన్నం సారూ. అంత మంచిగున్నది, ఏసీ ఉన్నది, రోజు కోడికూర తింటున్న అంటున్నడు. ఎదురుంగ సూస్తే బొక్కలు తేలి కూసున్నడు. గంత మంచిగుంటే ఎందుకొచ్చినవయ్యా, మళ్ల పో అన్న."

ముగ్గురం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. నేను కాగితాలు తీసి, ఆ తర్వాత మాటల గురించి అడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"రాసుకో అన్నా, దానికేంది" అన్నాడు మేస్త్రీ. "నేనన్న మాటలేనాయె."

"నోరు నీదైతేంది? చెప్పింది నాకు." ఆమె మొగుడివైపు చూడనైనా చూడలేదు. నాతోనే అంది. "సారూ, కోడికూర దాంక రాసుకో. ఆ తర్వాతది వద్దు."

సీటు వచ్చింది. అలాంటి ఇళ్లు ఎన్నో తిరిగి థీసిస్ రాశాను. బయటి యూనివర్సిటీ పరీక్షకుడు దాన్ని వెనక్కి పంపాడు. ముఖ్యమైన ఉదాహరణే అసంపూర్ణంగా ఉంది, పరిశోధకుడు స్వయంగా విన్నట్టు చెబుతున్నాడు కాబట్టి మిగతా మాటలు చేర్చి మళ్ళీ సమర్పించాలని రాశాడు. మేడమ్ నన్ను పిలిపించింది.

"రెండు మాటలేగా? రాసెయ్. ఈ ఎండాకాలానికే డాక్టరువి."

"రాయను మేడమ్."

"డాక్టరేట్ పోతే?"

"పోనివ్వండి."

ఆవిడ నన్ను చెడామడా తిట్టింది, తిట్టి ఇంకో పరీక్షకుడికి పంపింది. దానికో ఏడాది పట్టింది. పట్టా ఆలస్యంగా వచ్చింది కానీ వచ్చింది. థీసిస్ ఆ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది, ఎవరూ తీసి చూడరు. చూసినా అందులో మేస్త్రీ మాటలు కోడికూర దాకానే ఉంటాయి.